చులుకన మఱి తల్లి లేని... శిశువా, సుతుడా?

గడ్డివామి:
మూడు రాత్రులుగా ఒక పద్యం ముక్క నన్ను వదలడం లేదు. మా గొర్రె కవలల్ని ఈనింది. మొదటి పిల్లని ఒళ్ళంతా నాకి పొదుగు దగ్గరికి రానిచ్చింది, రెండోది వస్తే మాత్రం తలతో కుమ్మి అవతల పడేస్తోంది. దానికి అసలు చేపట్లేదు. ఇద్దరం కలిసి తల్లిని పట్టుకుని, ముర్రుపాలు పితికి, సీసాతో పట్టాం. ఆ పిల్లని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు చేతుల్లో ఏమీ లేనట్టే ఉంది. అప్పుడు నోటికొచ్చింది, "దూది చుల్కన సుమ్మీ" అని. చివర "చులుకన మఱి తల్లి లేని శిశువు కుమారా". మధ్యలో గడ్డిపోచ కూడా ఉందని గుర్తు. శిశువు అనే ఉందా? ఇంకోటి, నాకు అసలు కావలసింది ఇదే: ఇక్కడ చులుకన అంటే బరువు లేనిదనా, లోకువ అనా?

యతిస్థానం:
అనంతామాత్యుడి భోజరాజీయం, గోవ్యాఘ్ర సంవాదం. పులికి ఆహారంగా తిరిగి వస్తానని మాటిచ్చిన ఆవు తన దూడతో చెప్పే పద్యం. అందరం చదువుకున్నదే.

చులుకన జలరుహతంతువు
చులుకన తృణకణము దూది చుల్కన సుమ్మీ
యిల నెగయు ధూళి చుల్కన
చులుకన మఱి తల్లి లేని సుతుడు కుమారా!

శిశువు కాదండీ, సుతుడే. గణాల వరకు చూస్తే శిశువు కూడా సరిపోతుంది, రెండూ మూడేసి మాత్రలే, అందుకే చాలామంది నోట అలా మారిపోతుంది. కానీ నాలుగో పాదం మొదట్లో "చు" ఉంది, యతి స్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో జత కలవాల్సిన చోట, దానికి "సు" కావాలి. "శి" హల్లు పరంగా కుదిరినా అచ్చు కలవదు. ఛందస్సు మీద ఛందోదర్పణం రాసిన అనంతామాత్యుడు యతి తప్పుతాడా?

కందప్రియ:
సుతుడి సంగతి తేలిపోయింది కానీ, ఈ పద్యంలో నన్ను ఏళ్ళుగా పట్టుకున్నది వేరు. చులుకన మూడుసార్లు, చుల్కన రెండుసార్లు. చులుకన నాలుగు లఘువులు, చుల్కన ఒక గురువు రెండు లఘువులు, మాత్రలు నాలుగే. అంటే ఛందస్సు కోసం కుదించాడనడానికి వీల్లేదు. పాదం మొదట్లో ప్రాస కోసం, అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం అదే హల్లు కావాలి కాబట్టి, "లు" ఉండి తీరాలి, అక్కడ చుల్కన వేస్తే ప్రాస పోతుంది. పాదం లోపల మాత్రం ఏది వేసినా చెల్లుతుంది, అయినా అక్కడ రెండుచోట్లా చుల్కనే వేశాడు. దూది దగ్గర, ధూళి దగ్గర. గాలికి లేచిపోయే ఆ రెంటికే మాట కూడా ఒక అక్షరం తేలికపడిందని నా నమ్మకం.

యతిస్థానం:
బాగుంది కానీ ఒప్పుకోలేను. గురువు వచ్చాక అది తేలికపడిందని ఎలా అంటారు? చుల్ అని ఆగినప్పుడు బరువు పెరుగుతుంది. ఒకే మాట ఐదుసార్లు వస్తోంది కాబట్టి చెవికి విసుగు రాకుండా మార్చాడు, అంతే.

కందప్రియ:
అక్షరాలు లెక్కపెట్టండి మాస్టారూ, నాలుగు మూడయ్యాయి.

మందవెనక:
పద్యం మీరంతా చూసుకుంటున్నారు కాబట్టి మాట గురించి ఒకటి, పిల్ల గురించి ఒకటి చెబుతాను. చేపట్లేదు అన్నారు, అది సరికాదు. చేపడం అంటే పిల్ల తగిలేసరికి పాలు చన్నుల్లోకి దిగడం. మొదటి పిల్ల తాగుతోందంటే మీ గొర్రె చేపుతోంది. రెండోదాన్ని కుడవనివ్వట్లేదు. ఈ రెండు మాటలూ కలిపేస్తే పశువుకి ఏమైందో కనుక్కోలేం. ముందు పొదుగు తడిమి చూడండి, పుండో గడ్డో ఉంటే నొప్పికే కుమ్ముతుంది. అదేమీ లేకపోతే, మొదటి పిల్లని నాకుతూ ఉండగా రెండోది పక్కన పడి చల్లబడిపోయి, దాని వాసన తల్లికి అంది ఉండదు. గొర్రె తన పిల్లని మొదట వాసనతోనే పోల్చుకుంటుంది. పిల్ల పాలు తాగుతుంటే తోక కింద మూతి పెట్టి చూస్తుంది, గమనించారా?

ఇక పాలు. మొదటి 24 గంటలు దాటాక ముర్రుపాలలోని రోగనిరోధక శక్తిని పేగు తీసుకోలేదు, కాబట్టి మీరు వెంటనే పితికి పట్టడం మంచి పని. మూడు కిలోల పిల్లకి తొలిరోజు మొత్తం మీద 600 మిల్లీలీటర్ల దాకా పడాలి, కొంచెం కొంచెంగా. ప్రతిసారీ ముందు నోట్లో వేలు పెట్టి చూడండి. నోరు చల్లగా ఉంటే పాలు పట్టకూడదు, ముందు వెచ్చబెట్టాలి. దాని ఒంటి వేడి మామూలుగా 39 నుంచి 40 డిగ్రీలు. నిలబెట్టే పట్టండి. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తామరతూడు:
మా అమ్మమ్మ చివరి పాదం "తల్లి యేలని సుతుడు" అని చదివేది. తల్లి ఉండీ ఏలుకోని కొడుకు. గడ్డివామి గారి పిల్లకి అదే కదా సరిపోయేది! ఇలాంటి పాఠం ఇంకెవరైనా విన్నారా?

యతిస్థానం:
అర్థం గుండెకి తగులుతుంది, కాదనను. కానీ "లేని" తీసి "యేలని" పెడితే ఒక మాత్ర ఎక్కువవుతుంది, సుతుడు ఒక అక్షరం వెనక్కి జరిగి యతి స్థానంలో "ని" వచ్చి కూర్చుంటుంది. మీ అమ్మమ్మగారు చదివింది భావానికి ఒప్పు, పద్యానికి కాదు.

తామరతూడు:
సరే. కానీ అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. జలరుహతంతువు గాలికి ఎగరదు, నీళ్ళలో ఉంటుంది. తామరతూడు విరిస్తే సన్నగా సాగి పుటుక్కున తెగే దారం అది. కవి దానితో మొదలుపెట్టాడంటే ఆయన మనసులో ఉన్నది బరువు కాదు, తెగిపోవడం. నేనైతే చులుకనకి "దిక్కులేనిది" అనే అర్థం చెబుతాను.

కందప్రియ:
మరి గడ్డిపరక? తెగిపోవడం దానికి అతకదు. అది లోకువే. తృణప్రాయం అంటాం కదా.

పోతనాభిమాని:
ఆలస్యంగా వచ్చాను. వాసన మాట వచ్చింది కాబట్టి, పోతన భాగవతం దశమ స్కంధంలో వత్సాపహరణం ఒకసారి తీయండి. బ్రహ్మ దూడల్నీ గోపబాలుర్నీ దాచేస్తే కృష్ణుడే అన్ని దూడలూ అయి ఒక ఏడాదిపాటు ఆ తల్లుల దగ్గర పెరిగాడు. ఆవులు కాదనలేదు సరికదా, చిన్న దూడలున్నా ఆ పెద్ద దూడల కోసం కొండ మీద నుంచి పరుగెత్తుకొచ్చాయి. పోతన ఆ పరుగు రాసిన చోట నేను ఎప్పుడూ ఆగిపోతాను. చేపడం అనే మాటకి నాకు దొరికిన అసలు అర్థం ఆ ఘట్టమే.

మందవెనక:
మేమూ ఆ పనే చేస్తాం, కాస్త మొరటుగా. ఒక గొర్రెకి పిల్ల పుట్టగానే ఆ తడిని దిక్కులేని పిల్ల ఒంటికి పులిమి మూతి దగ్గర పెడితే, ఒక్కోసారి తనదే అనుకుని నాకడం మొదలుపెడుతుంది. ఇంకో గొర్రె ఈనేదుంటే ప్రయత్నించండి.

గడ్డివామి:
పొదుగు చూశాను, పుండు లేదు. ఇంకో గొర్రె ఇప్పట్లో ఈనేలా లేదు, కాబట్టి సీసానే. ఇందాక సగం తాగాక తోక టకటకా ఊపింది, ఇన్నాళ్ళలో మొదటిసారి. యతిస్థానం గారూ, సుతుడు అనే దిద్దుకున్నాను. చులుకన మాత్రం నాకింకా తేలలేదు. ఆవు చచ్చిపోతానని తెలిసి, పాలిచ్చి వెళ్ళిపోతూ దూడతో చెప్పిన మాట కదా ఇది, ఇక్కడ తల్లి పక్క గదిలోనే ఉంది, ఇది అరిస్తే అటు తిరిగి చూస్తుంది కూడా. కందప్రియ గారు లోకువ అంటే ఒప్పుకోబుద్ధి కావట్లేదు. రాత్రి తూస్తే రెండు కిలోల ఎనిమిది వందలుంది. పొద్దున మళ్ళీ తూచి చెబుతాను.

కందప్రియ:
చెప్పండి. ఈలోగా ఆ రెండు చుల్కనల గురించి ఇంకెవరైనా మాట్లాడండి, యతిస్థానం గారు తప్ప.