ఎగ్జార్ట్ అంటే బతిమాలడమా, హెచ్చరించడమా?

కలంపోటు:
బదిలీ విషయం మళ్ళీ ఆలోచించమని మా పై అధికారికి ఈమెయిల్ పెట్టాను. 'ఐ ఎగ్జార్ట్ యూ టు రీకన్సిడర్' అని రాశాను. ఆయన పిలిచి "నాకే నీతులు చెప్తావా?" అని కేకలేశారు. నిఘంటువు చూస్తే 'గట్టిగా కోరు' అనే అర్థం ఉంది. నా తప్పేంటి?

పదపిచ్చి:
మాట ఎంపికలోనే ఉందండి తప్పు. ఇది లాటిన్ 'హోర్టారి' నుంచి వచ్చింది. పురికొల్పడం, ఉత్సాహపరచడం అని అర్థం. 'వెళ్దాం, చేద్దాం' లాంటి రూపాలను వ్యాకరణంలో హోర్టేటివ్ అంటారు, అదీ ఈ వేరు నుంచి వచ్చిందే. ఆటగాళ్ళను కోచ్ ఎగ్జార్ట్ చేస్తాడు, సైనికులను సేనాని ఎగ్జార్ట్ చేస్తాడు. మన పని చేసిపెట్టమని అడిగేటప్పుడు రిక్వెస్ట్ అనాలి. మరీ కాళ్ళావేళ్ళా పడాల్సి వస్తే ఇంప్లోర్.

పాతప్రతి:
పదపిచ్చి గారూ, ఎగ్జార్ట్ అంటే హెచ్చరించడం. తెలుగు బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం 8వ వచనం చూడండి, 'హెచ్చరించువాడైతే' అని ఉంటుంది. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో అక్కడున్నది ఎగ్జార్టే.

గాలివాటం:
ఇంతకీ exhort స్పెల్లింగులో ఉన్న హెచ్ (h) పలకాలా?

పదపిచ్చి:
పలకదు. ఎగ్జార్ట్, అంతే.
పాతప్రతి గారూ, ఆ హెచ్చరిక ఇప్పటి హెచ్చరిక కాదు. రాజు కొలువుకు వస్తుంటే 'హెచ్చరిక' అనేవారు. అది బెదిరింపా? మెలకువగా ఉండమని చెప్పడం. అదే అధ్యాయం మొదటి వచనంలో 'బతిమాలుకొనుచున్నాను' అని ఉంది, ఇంగ్లీషులో బిసీచ్. గ్రీకు మూలంలో రెండు చోట్లా ఒకటే క్రియ, పరకలేఓ. మీ వచనాన్ని పట్టుకుని అర్థం తేల్చలేం.

పాతప్రతి:
మూలం ఒకటే అయినప్పుడు కలంపోటు గారు బతిమాలే అర్థంలో వాడితే తప్పెలా అవుతుంది? మీ మాటే మీకు అడ్డం వస్తోంది. అసలు ఈ కాలం వాళ్ళకి మాట బరువు తెలీదు. ఒకచోట అనువాదం చేస్తూ ఎగ్జార్ట్‌కి 'ఉద్బోధించు' అని రాశాను. దాన్ని ఓ కుర్ర ఎడిటర్ కొట్టేసి 'చెప్పు' అని పెట్టాడు. ఆ పుస్తకంలో నా పేరు వేయొద్దన్నాను.

పదపిచ్చి:
నిన్న హెచ్చరించడం అన్నారు, ఇప్పుడు ఉద్బోధించడం అంటున్నారు. ఏదో ఒకటి చెప్పండి.

పాతప్రతి:
రెండూ ఒకటే.

గాలివాటం:
ఎక్స్‌టార్ట్ అని రాయలేదు, సంతోషించండి. బెదిరించి గుంజుకోవడం అయ్యేది 😀

కలంపోటు:
మీరిద్దరూ గ్రీకులో పోట్లాడుకుంటున్నారు, ఇక్కడ నా ఉద్యోగం పోయేలా ఉంది. నా వాక్యం తప్పా, ఒప్పా?

పదపిచ్చి:
వ్యాకరణం సరిగ్గానే ఉంది. 'యూ' తర్వాత 'టు', ఆ తర్వాత క్రియ, అలాగే రాయాలి. కానీ పైవాణ్ణి కిందివాడు ఎగ్జార్ట్ చేయడు. అది మర్యాద కాదు.

కలంపోటు:
హోదా చూసి వాడాలని నిఘంటువులో ఉందా? సంపాదకీయాలు ప్రభుత్వాలను ఎగ్జార్ట్ చేయడం లేదా?

పదపిచ్చి:
అది జనం తరఫున. మీరు అడిగింది మీ కోసం. తేడా తెలీకపోతే పెద్ద మాటలు వాడకండి.

కలంపోటు:
తెలుసండీ! తెలిసే రాశాను. అంతకు ముందు మూడు ఈమెయిళ్ళలో రిక్వెస్ట్ అనే రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. బదిలీ రూలు నా ఒక్కడికే వర్తింపజేశారు. ఆయన చేసింది తప్పు, సరిదిద్దుకోమని చెప్పాలనుకున్నాను. నాలుగోసారి కూడా బతిమాలబుద్ధి కాలేదు. కిందివాడు ఆ మాట అనకూడదని మీరూ అంటున్నారు, ఆయనా అదే అన్నారు.

పదపిచ్చి:
ఈ సంగతి మొదటే చెప్పాల్సింది. సరిదిద్దుకోమని చెప్పడమే మీ ఉద్దేశమైతే ఆ మాట సరిగ్గా సరిపోయింది. ఆయనకు అర్థమైంది కూడా అదే. మరి నిఘంటువు చూపించి అమాయకంగా అడిగారెందుకు?

కలంపోటు:
కనీసం ఇక్కడైనా ఎవరో ఒకరు తప్పు లేదంటారేమోనని.

గాలివాటం:
బదిలీ ఆగిందా మరి?

కలంపోటు:
లేదు. ఈసారి జవాబైతే వచ్చింది.

పాతప్రతి:
హెచ్చరించడమే అని నేను మొదటే అన్నాను.