మనాలి–లేహ్ దారిలో బండి గేటు లోపల పెట్టుకునే గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయా?

ఉప్పల్ నుంచి అడుగుతున్నాను. జులైలో నేనూ మా తమ్ముడూ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బైక్ మీద మనాలి నుంచి లేహ్ వెళ్తున్నాం. సికింద్రాబాద్‌లో బండి రైలు పార్సిల్ వేసి ఢిల్లీలో దింపుకుంటాం. రూమ్ ఎలా ఉన్నా సర్దుకుంటాం, బండి మాత్రం రోడ్డు మీద ఉండకూడదు. పోయినసారి కొండల్లో ఒకచోట "పార్కింగ్ ఉంది" అన్నారు. తీరా చూస్తే వీధి పక్కన వాలు. రాత్రి వానకి సైడ్ స్టాండ్ మట్టిలో దిగబడి బండి పక్కకి పడింది, క్లచ్ లివర్ విరిగింది. ఆ రోజంతా మెకానిక్ కోసం తిరగడమే సరిపోయింది.

జవాబు: అన్నా, మొదటి రాత్రి దారిలో వచ్చే జిస్పాలో ఆగండి, ఇంకా ముందున్న సర్చులో వద్దు. జిస్పా సుమారు 3,200 మీటర్లు, సర్చు 4,200 పైనే. ఒక్కరోజులో అంత ఎత్తుకెళ్లి పడుకుంటే తలనొప్పితో నిద్ర పట్టదు. ఫోన్ చేసినప్పుడు "పార్కింగ్ ఉందా" అనొద్దు. "బండి గేటు లోపలికి వస్తుందా, కింద సిమెంటా మట్టా" అని అడిగి ఫోటో తెప్పించుకోండి. మట్టయితే స్టాండ్ కింద చిన్న పలక పెట్టండి. నేను పాత స్టీలు మూత ఒకటి ట్యాంక్ బ్యాగులోనే ఉంచుతాను.

ఇంకో జవాబు: జిస్పాకి ముందే వచ్చే తాండి బంకులో ట్యాంకు నింపుకోండి. ఆ తర్వాత బంకులు చాలా దూరం. ఇద్దరూ, లగేజీ అంటున్నారు కాబట్టి ఐదు లీటర్లు అదనంగా పెట్టుకోండి. పార్సిల్‌కి ముందు మాత్రం ట్యాంకు ఖాళీ చేయాలి, ఆర్‌సీ జిరాక్స్ మర్చిపోకండి.

ఉప్పల్: జిస్పానే ఖాయం చేస్తున్నాం. ఫోటో అడగాలన్న ఆలోచనే రాలేదు, చాలా థ్యాంక్స్ అన్నా.