నాలుగేళ్ల బాబుతో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాలా?

మాది విజయవాడ, సత్యనారాయణపురం. బాబు ఎల్‌కేజీ. "ఇంట్లో తెలుగు మానేయండి, దొరల పిల్లల్లా మాట్లాడతాడు" అన్నారు వాళ్ల టీచర్. మూడు నెలలుగా అదే పని. నేనూ మా ఆయనా చదివింది తెలుగు మీడియం. "కమ్, ఈట్, డోంట్ టచ్" దాటి నా నోరు పెగలట్లేదు. మొన్న పెసరట్టులో పచ్చిమిరపకాయ తగిలి వాడు "మౌత్ ఫైర్" అని ఏడిస్తే, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారికి ఏమీ అర్థం కాలేదు. ఆపేయమంటారా?

జవాబు 1: ఆపకండి. మా పాపకీ మొదట్లో ఇంతే. రేపు ఇంటర్వ్యూల్లో తెలుస్తుంది విలువ.

జవాబు 2: గుంటూరు బ్రాడీపేట నుంచి. ఇరవై ఏళ్లుగా ఒకటో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నా, కాస్త గట్టిగా అంటే ఏమనుకోకండమ్మా. ఫ్రాన్సులో రోంజా అనే ఆయన కొడుకుతో తాను ఫ్రెంచి, భార్య జర్మన్ మాట్లాడుతూ పెంచి, 1913లో పుస్తకం రాశాడు. పిల్లాడికి రెండూ వచ్చాయి. కానీ ఆ తల్లికి జర్మన్ సొంత భాష. ముద్దొచ్చినా తిట్టాలన్నా అదే. మీ "కమ్, ఈట్"తో వాడికి వచ్చేది కమ్, ఈటే.

తెలుగులో బోలెడు కబుర్లు చెప్పండి. బందరు కాలవ నీళ్లు ఎటు పోతాయో వాడు అడగాలి. "ఎందుకంటే" అని చెప్పగలిగే పిల్లాడికి "బికాజ్" నేర్పడం నాకు ఒక పూట పని. అసలు కారణం చెప్పడమే అలవాటు లేనివాడితోనే నా తిప్పలన్నీ.

ఇంగ్లీషుకి రోజూ ఒక బొమ్మల పుస్తకం, పక్కన కూర్చోబెట్టుకుని. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితం, చాలా కథలు రెండు భాషల్లోనూ ఉంటాయి. ఒకే కథ పది రోజులు అడిగినా విసుక్కోకండి. ఏబీసీడీలు అప్పజెప్పించకండి. అక్షరాలు 26, శబ్దాలు దాదాపు 44. ముందు చెవికి పని పెట్టండి. మనం ఎగ్‌ని "యెగ్గు" అంటాం, వి, డబ్ల్యూ ఒకేలా పలుకుతాం. అందుకే ఆడియో కథలు పెట్టి మీరూ వినండి. (జీబ్రా దగ్గర నాకు ఇప్పటికీ నాలుక తడబడుతుంది.)

జవాబు 3: మరి స్కూల్లో టీచర్ అడిగితే?

జవాబు 2: "రోజూ చదివిస్తున్నామండీ" అనండి. అబద్ధం కాదుగా.

అడిగినవారు: థాంక్సండీ. రాత్రి తెలుగులో కథ మొదలుపెడితే "ఇవాళ ఇంగ్లీషు లేదా?" అని రెండుసార్లు అడిగి, నానమ్మ పక్కకి జరిగి పడుకున్నాడు.