ఫోటో సగమే కనిపిస్తోంది, పీడీఎఫ్ అసలు తెరుచుకోవట్లేదు: డేటాబేస్‌లో దాచిన ఫైళ్ల గొడవ

ప్రశ్న:

అన్నలకు నమస్తే. మా బావ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాస్తుంటాడు. పార్టీలు తెచ్చే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ కాపీలు, ఆధార్ జిరాక్సులు అన్నీ స్కాన్ చేసి పెట్టుకోవడానికి పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ చేసిచ్చాను. ఫైలు మొత్తం టేబుల్లోనే బ్లాబ్ (ఫైళ్లలాంటి డేటాని ఉన్నదున్నట్టు దాచే రకం) కాలమ్‌లో పెడుతున్నా, లింక్ నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకోవాలి. టెస్టింగ్‌లో ఒక పేజీ పీడీఎఫ్‌లు పెట్టి చూశా, బాగానే వచ్చాయి. ఆర్నెల్లు వాడాక ఇప్పుడు బావ ఫోన్ చేసి, ఫోటోలు పై సగం వచ్చి కింద అంతా బూడిద రంగులో ఉంటున్నాయి, పెద్ద పీడీఎఫ్‌లు అసలు తెరుచుకోవట్లేదు అంటున్నాడు. అప్‌లోడ్ చేసేటప్పుడు మాత్రం ఏ ఎర్రరూ రాలేదు. బ్రౌజర్ మార్చి చూశా, అదే కథ. హెడర్లలో (ఫైలుకి ముందు సర్వర్ బ్రౌజర్‌కి పంపే వివరాల్లో) ఏమన్నా తప్పుందా?

జవాబు:

హెడర్ల సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు ఆ టేబుల్ మీద ఒక క్వెరీ వేసి, ఫైలు కాలమ్ పొడవు ఎంతుందో ప్రతి వరుసకీ చూడు. చాలా వరుసల్లో 65,535 అని ఒకే అంకె కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ప్రశ్న అడిగినతను:

అన్నా, దండం పెట్టాలి నీకు. 412 వరుసల్లో సరిగ్గా 65,535. చిన్నవి మాత్రం వేరే వేరే అంకెలు ఉన్నాయి. ఏంటిది?

జవాబు:

మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త బ్లాబ్ అంటే పట్టేది అంతే, 65,535 బైట్లు, అంటే 64 కేబీ. బ్లాబ్ అనే పేరు చూసి ఎంతైనా పడుతుందనుకుంటాం, నేనూ మొదట్లో అలాగే అనుకున్నా. దానికన్నా చిన్నది టైనీబ్లాబ్, 255 బైట్లు. పెద్దవి మీడియమ్‌బ్లాబ్ 16 ఎంబీ దాకా, లాంగ్‌బ్లాబ్ 4 జీబీ దాకా. నీకు మీడియమ్‌బ్లాబ్ చాలు.

ఫోటోకి ఒకలా, పీడీఎఫ్‌కి ఒకలా ఎందుకు జరిగిందంటే, జేపీజీని బ్రౌజర్ పైనుంచి కిందికి చదువుతూ గీసుకుంటూ పోతుంది, తెగిన చోట ఆగిపోతుంది, మిగతాది బూడిద రంగు. పీడీఎఫ్‌లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక సాధారణంగా ఫైలు చివర్లో ఉంటుంది. తోక తెగితే ఆ పట్టికే పోయింది, ఇక లోపల పేజీలున్నా తెరవడం చేతకాదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. పట్టనిది తోస్తే మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ ఇవ్వాలి కదా? 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, కాలమ్‌కి డేటా పొడవెక్కువైంది అని ఆపేస్తుంది. నీకు రాలేదంటే దాన్ని ఎవరో ఆపేశారు. ఎవరు?

ప్రశ్న అడిగినతను:

నేనేనన్నా. మొదట్లో తేదీ ఖాళీగా వదిలితే సేవ్ అవ్వకుండా ఏదో ఎర్రర్ వచ్చేది, నెట్‌లో ఎవరో ఎస్‌క్యూఎల్ మోడ్ అనే సెట్టింగ్ ఖాళీ చేసేయమని రాస్తే అలాగే చేశా. ఎర్రర్ పోయింది, నేనూ మర్చిపోయా.

జవాబు:

అదీ సంగతి. తేదీ గొడవ కోసం నోరు మూయించావు, అది ఫైళ్ల విషయంలో కూడా నోరు మూసుకుని కత్తిరించి పెట్టుకుంది. ఒక వార్నింగ్ ఇచ్చే ఉంటుంది గానీ వార్నింగులు చూసే అలవాటు మనలో ఎవరికుంది.

ఇప్పుడు వరస ముఖ్యం, జాగ్రత్తగా చెయ్. ముందు మొత్తం బ్యాకప్. తర్వాత స్ట్రిక్ట్ ఆఫ్‌లో ఉండగానే తేదీ కాలమ్ నల్ (ఏ విలువా లేదని గుర్తు) తీసుకునేలా మార్చి, 0000-00-00 అని పడి ఉన్నవన్నీ నల్ చెయ్. స్ట్రిక్ట్ ముందే ఆన్ చేస్తే ఆ సున్నాల తేదీలే అడ్డం పడి టేబుల్ మార్చనివ్వవు. ఆ తర్వాత ఫైలు కాలమ్ మీడియమ్‌బ్లాబ్. చివరగా స్ట్రిక్ట్ ఆన్. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, కాలమ్ పెద్దది చేస్తే పాత ఫైళ్లు తిరిగి మొలవవు. తెగిన ముక్క డేటాబేస్‌లోకి ఎప్పుడూ రాలేదు. ఆ 412 మళ్లీ ఎక్కించాల్సిందే, స్కానర్ కంప్యూటర్‌లో అసలు ఫైళ్లున్నాయేమో ఇవాళే చూడు, ఎవరైనా డిస్క్ ఖాళీ చేసేలోపు.

పెద్ద ఫైళ్లు రావాలంటే ఇంకా రెండు మూడు గేట్లున్నాయి. పీహెచ్‌పీ అప్‌లోడ్ పరిమితి మామూలుగా 2 ఎంబీ, మొత్తం పోస్ట్ పరిమితి 8 ఎంబీ. ఈ రెండోది దాటితే మరీ విచిత్రం, ఫారంలో నింపినవన్నీ కూడా ఖాళీగా వస్తాయి, ఫైలు మాటే ఉండదు. మైఎస్‌క్యూఎల్ వైపు మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్ అని, ఒక్కసారికి తీసుకునే డేటాకి పరిమితి ఉంటుంది, 5.7లో 4 ఎంబీ, 8లో 64 ఎంబీ. ఎక్కించాక డిస్క్ మీది ఫైలు సైజూ, టేబుల్లో పడ్డ పొడవూ పోల్చి చూసి, తేడా ఉంటే అప్పుడే అరిచేలా రాయి.

ఇంకొకరి మాట:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అసలు ఫైళ్లు డేటాబేస్‌లో ఎందుకండీ? ఫోల్డర్‌లో పెట్టి, దారి మాత్రం టేబుల్లో రాసుకుంటే ఈ తలనొప్పే లేదు కదా.

జవాబు:

మీరన్నది చాలాసార్లు నిజమే అండి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు 2006లో ఇదే తేల్చడానికి కొలిచి చూశారు, వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద 256 కేబీ లోపు ఫైళ్లకి డేటాబేస్ మెరుగు, 1 ఎంబీ దాటితే ఫోల్డరే మెరుగు అని వచ్చింది. ఈ తమ్ముడి స్కాన్‌లు మధ్యలోనూ ఉన్నాయి, పైనా ఉన్నాయి. కానీ నా వరకు వేగం కాదు అసలు లెక్క. ఒకసారి సర్వర్ మార్చేటప్పుడు డేటాబేస్ బ్యాకప్ పక్కాగా తెచ్చుకుని ఫోల్డర్ మర్చిపోయాను, దారులన్నీ ఉన్నాయి, ఆ దారి చివర ఫైలు లేదు. ఒక్కడే మనిషి, రోజూ ఒక్క బ్యాకప్ మాత్రమే తీసుకునే ఆఫీసుకి అన్నీ ఒకే చోట ఉండటం మంచిదనే అంటాను. లక్షల ఫైళ్లయితే మీ మాటే వింటా.

డేటాబేస్‌లోనే ఉంచేట్టయితే ఫైలు కాలమ్‌ని వేరే టేబుల్లో పెట్టు తమ్ముడూ. లిస్టు పేజీలో స్టార్ పెట్టి అన్ని కాలమ్‌లూ లాగుతున్నావనుకో, పేజీకి 25 వరుసలు, ఒక్కోటి 3 ఎంబీ, పేర్లు చూపించడానికి 75 ఎంబీ లాగినట్టు. పీహెచ్‌పీ మెమరీ మామూలుగా 128 ఎంబీయే.

ప్రశ్న అడిగినతను:

అన్నీ చేశా అన్నా. పీడీఎఫ్‌లు తెరుచుకుంటున్నాయి. కానీ జేపీజీ మాత్రం విరిగిన బొమ్మ గుర్తు చూపిస్తోంది, వర్డ్ ఫైలు డౌన్‌లోడ్ చేస్తే పాడైపోయింది అంటోంది. పొడవులు పోల్చాను, టేబుల్లో కరెక్టుగానే ఉంది!

జవాబు:

ఇప్పుడొచ్చాం హెడర్ల దగ్గరికి. డౌన్‌లోడ్ అయిన వర్డ్ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరువు. మొదటి రెండు అక్షరాలు ఇంగ్లీషు పీ, కే ఉండాలి. ఎందుకంటే డాక్స్ అనే వర్డ్ ఫైలు లోపల జిప్ ఫైలే, జిప్ కనిపెట్టిన ఫిల్ కాట్జ్ తన పొడి అక్షరాలు అక్కడ పెట్టుకున్నాడు. వాటికంటే ముందు ఖాళీ లైను ఉందా?

ప్రశ్న అడిగినతను:

ఉంది అన్నా!! ఒక ఖాళీ లైను, తర్వాత పీకే.

జవాబు:

ఈ మార్పులు చేస్తూ నీ కనెక్షన్ ఫైలు చివర ?> అనే పీహెచ్‌పీ ముగింపు గుర్తు తర్వాత ఎంటర్లు ఎక్కువ కొట్టావు. మొదటి ఎంటర్‌ని పీహెచ్‌పీ తనే మింగేస్తుంది, రెండోది బ్రౌజర్‌కి పోతుంది. పీడీఎఫ్ చదివేవి మొదట్లో చెత్త ఉన్నా వెతుక్కుని సర్దుకుంటాయి, జేపీజీ సర్దుకోదు. ఉత్త పీహెచ్‌పీ ఉన్న ఫైళ్లలో ఆ ముగింపు గుర్తే తీసెయ్, అక్కర్లేదు. ఫైలు పంపాక ఎగ్జిట్ పెట్టు, కింద ఇంకేం ప్రింట్ అవ్వకుండా.

హెడర్లలో కంటెంట్ టైప్ సరైనది ఇవ్వు, చూపించాలంటే ఇన్‌లైన్, దించుకోవాలంటే అటాచ్‌మెంట్. వర్డ్ ఫైలుకి ఇన్‌లైన్ అని ఎంత మొత్తుకున్నా మామూలుగా బ్రౌజర్ దించుకుంటుంది, అది నీ తప్పు కాదు. అప్‌లోడ్ చేసినప్పుడు బ్రౌజర్ చెప్పిన టైపు నమ్మొద్దు, పీహెచ్‌పీలో ఫైలు రకం కనిపెట్టే ఫైల్‌ఇన్ఫో (finfo) ఫంక్షన్‌తో నువ్వే చూసి, పీడీఎఫ్, జేపీజీ, పీఎన్‌జీ, వర్డ్ తప్ప మిగతావి తిప్పి పంపు. బ్రౌజర్ ఫైలు రకాన్ని తనే ఊహించుకోకుండా నోస్నిఫ్ హెడర్ కూడా పెట్టు. లేకపోతే ఎవడో హెచ్‌టీఎంఎల్ ఫైలు ఎక్కిస్తే అది నీ సైట్ పేజీలాగే నడుస్తుంది.

ఇంకోటి, లింక్‌లో ఐడీ 57 ఉన్నచోట 58 కొడితే వేరే పార్టీ ఆధార్ వస్తోందా? వస్తే ఈ రాత్రికే ఆపెయ్. ఫైలు పంపే పేజీలోనే లాగిన్ చూడాలి, ఆ డాక్యుమెంట్ చూసే హక్కు ఆ మనిషికి ఉందో లేదో చూడాలి. బ్రౌజర్ కాపీ దాచుకోకుండా క్యాష్ హెడర్ నో-స్టోర్ అని ఇవ్వు, ఆఫీసులో అందరూ వాడే కంప్యూటర్ కదా.

ప్రశ్న అడిగినతను:

వస్తోంది అన్నా, 58 వచ్చింది. ఇప్పుడే ఆపా. ఇంకొక్కటి, తెలుగు పేర్లతో ఉన్న ఫైళ్లు దించుకుంటే పేరంతా పిచ్చి గీతలు.

జవాబు:

పేరు కాలమ్ చార్‌సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్8ఎంబీ4 అయ్యుండాలి, కనెక్షన్ కూడా అదే చార్‌సెట్. హెడర్‌లో మామూలు ఫైల్‌నేమ్ పక్కన, నక్షత్రం గుర్తున్న రెండో ఫైల్‌నేమ్ ఇవ్వాలి, అందులో యూటీఎఫ్-8 అని రాసి, రెండు సింగిల్ కోట్‌లు పెట్టి, రా యూఆర్ఎల్ ఎన్‌కోడ్ చేసిన పేరు. ‘దస్తావేజు’ అనే మాట 27 బైట్లు, ఎన్‌కోడ్ అయ్యాక 81 అక్షరాలవుతుంది, చూసి కంగారు పడకు.

ప్రశ్న అడిగినతను:

పేర్లు వచ్చేశాయి. 412లో 389 స్కానర్ కంప్యూటర్‌లో దొరికాయి, ఎక్కిస్తున్నా. మిగతా 23 పార్టీలకు బావ ఫోన్లు చేస్తున్నాడు, ఒరిజినల్ తీసుకుని ఒకసారి రండి అని. నాతో మాత్రం మాట్లాడట్లేదు.