ఇంట్లో చేసే సబ్బులు అమ్మాలంటే లైసెన్స్ కావాలా?

కాకినాడ_గృహిణి:
కొబ్బరినూనె, ఆముదం, వేపాకు పొడితో కోల్డ్ ప్రాసెస్ సబ్బులు (ఉడికించకుండా, నూనెల్లో కాస్టిక్ సోడా నీళ్లు కలిపి చేసేవి) చేస్తున్నాను. చుట్టుపక్కల వాళ్లు డబ్బులిచ్చి మరీ అడుగుతున్నారు. లైసెన్స్ లేకుండా అమ్మొచ్చా? ఈ వానల్లో సబ్బుల మీద చెమటలా నీటి చుక్కలు పడుతున్నాయి, పాడైనట్టేనా?

నూనెగానుగ:
పాడవలేదండీ. చేత్తో చేసిన సబ్బులో గ్లిజరిన్ అలాగే ఉండిపోతుంది కదా, అది గాలిలో తేమను లాగుతుంది. ఫ్యాన్ గాలికి ఎడంగా పేర్చి 4 నుంచి 6 వారాలు ఆరనివ్వండి, తొందరపడి ప్యాక్ చేయొద్దు.

వరంగల్_అన్న:
ఒంటికి రాసుకునే సబ్బు మన చట్టంలో కాస్మెటిక్ కిందికే వస్తుంది, కాబట్టి అమ్మాలంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్స్ ఉండాల్సిందే, ఇంట్లో చేసినా సరే. వేప వేశారని 'గజ్జి తగ్గుతుంది' అని లేబుల్ మీద రాశారో, అప్పుడది మందు లెక్క!

నూనెగానుగ:
ఇంకోటి, కాస్టిక్ సోడానే నీళ్లలో పోయాలి, నీళ్లు దాని మీద పోయకూడదు. అల్యూమినియం గిన్నె అసలే వద్దు.

కాకినాడ_గృహిణి:
థ్యాంక్సండీ. స్టీలు గిన్నెలే వాడుతున్నాను. లైసెన్స్ సంగతి రేపే కనుక్కుంటా.