ఉదయగిరి కొండ మీది గొర్రెల కొట్టాలకు నాన్నతో ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా?

కావలి కొట్టు
నాన్నకు అరవై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళు వచ్చేదాకా తన మేనమామ వెంట ఉదయగిరి కొండల్లో గొర్రెలు కాశారు. ఆ తర్వాత కావలిలో కిరాణా కొట్టు, ఆ కొట్టే లోకం. మళ్ళీ ఎప్పుడూ కొండెక్కలేదు. ఈ మధ్య రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు బోద గడ్డి కప్పిన కొట్టం మీద పడే వాన చప్పుడు గురించి చెబుతున్నారు. అడగరు గానీ, వెళ్ళాలని ఉంది. సంక్రాంతి సెలవుల్లో తీసుకువెళ్ళాలనుకుంటున్నాను. కావలిలో ఆరింటికి కారు, ఉదయగిరిలో టిఫిన్, తొమ్మిదిన్నరకు ఎక్కడం మొదలు, పన్నెండింటికి కొట్టాల దగ్గర భోజనం, నాలుగున్నరకల్లా కిందికి. సరిపోతుందా? ఆయనకు షుగరు లేదు, మోకాళ్ళు కొంచెం నొప్పి.

సూదిమందు పెట్టె
బాబూ, పన్నెండింటికి వెళితే మీకు కనబడేది ఖాళీ కొట్టం, చల్లారిన పొయ్యి. గొర్రె ఉండదు, మనిషీ ఉండడు.

పశుసంవర్ధక శాఖలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. గొర్రెలకు వచ్చే చిటుకు రోగానికి, నీలినాలుకకు టీకాలు వేయడానికి మందు పెట్టె భుజాన వేసుకుని ఆ వాలు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. మొదటి ఏడాది నేనూ మీలాగే ఇడ్లీ తిని నింపాదిగా వెళ్ళి, ఐసు డబ్బా పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నాను. మంచు ఆరేదాకా కాపరి మందను వదలడు. తడి గడ్డి కొసల మీదికి కడుపు పురుగుల పిల్లలు ఎక్కి ఉంటాయని నేను పుస్తకంలో చదివాను. వాళ్ళు ఏ పుస్తకమూ చదవకుండానే ఆ పని చేస్తున్నారు. తొమ్మిది దాటిందంటే మంద కదులుతుంది. ఆ లోపే మీరు అక్కడ ఉండాలి.

కాబట్టి ముందు రోజు రాత్రే ఉదయగిరిలో పడుకోండి. వెలుతురు వచ్చాకే అడుగు పెట్టండి, అంతకు ముందు వద్దు. ఆ వేళ ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి. మొదటి గంట అంతా ముళ్ళ పొదలు, కలివి, బలుసు, మధ్యమధ్య ఎర్రచందనం. అందువల్ల అటవీ శాఖ కార్యాలయంలో ముందే చెప్పి, అనుమతి తీసుకుని వెళ్ళండి. సంచిలో కత్తీ గొడ్డలీ లాంటివి ఉండకూడదు. మీరు ఎంత మంచివారైనా ఆ కొండల్లో గొడ్డలికి ఒక్కటే అర్థం. పొదలు దాటాక బోద గడ్డి వాలు వస్తుంది, కొట్టాలు అక్కడే. శిఖరం దాకా పోనక్కర లేదు. కోట చూడాలని మీకు ఆశ పుడుతుంది, వద్దు. మూడు వేల అడుగులు దాటిన కొండ అది. రాయలవారు ఏడాదికి పైగా చుట్టుముట్టి కూర్చుంటే గానీ 1514లో చేతికి రాలేదు, మీ నాన్నగారి మోకాళ్ళతో ఒక పూటలో ఎందుకు?

సంక్రాంతి మాత్రం సరైన సమయం. మన నెల్లూరు జిల్లాలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, పల్లంలో వరి నిలబడి ఉంటుంది, మందకు కాలు పెట్టే చోటుండదు. అందుకే కొండకు తోలుతారు. కోతలయ్యాక దిగి పొలాల్లో మంద కడతారు, ఎరువు కోసం రైతే పిలుస్తాడు. ఏప్రిల్‌లో వెళితే కొట్టాలకు కప్పు కూడా సరిగా ఉండదు.

కుక్కల సంగతి. కొట్టం కనబడగానే ఆగి, కేక వేసి, మనిషి బయటికి వచ్చాకే కదలండి. నా ఎడమ పిక్క మీద ఇంకా మచ్చ ఉంది.

దుత్తలూరు మనవరాలు
మాస్టారు చెప్పిన సమయాలే సరైనవి. మా తాతయ్యది జోడిపి మంద, కళ్ళ చుట్టూ మూతి చుట్టూ నలుపుండే తెల్ల గొర్రెలు. పక్క మంద వాళ్ళవి ఎర్రటి దొర గొర్రెలు. రెండూ కలిసిపోయిన రోజు పంచాయితీ చూడాలి!

నేను చెప్పేది మూడు ముక్కలు. బిస్కెట్ పొట్లాలు మోసుకెళ్ళకండి. టార్చిలైటు బ్యాటరీలు, కందిపప్పు, వక్కాకు, గాయాలకు రాసే అయొడిన్ సీసా తీసుకువెళ్ళండి, కళ్ళకద్దుకుంటారు. గొర్రె పిల్లల్ని గంపల కింద మూసి ఉంచుతారు, ముద్దుగా ఉన్నాయని గంప ఎత్తకండి, ఒక్కటి తప్పించుకుంటే పొద్దంతా వెతుకులాటే. ఇంకొకటి, సంకటి పెడితే కడుపు నిండిందని అనకండి. మా మామయ్య ఒకసారి ఊరి నుంచి పొట్టేలు కూర క్యారేజీలో తీసుకెళ్ళాడు. మంద మధ్య కూర్చుని మూత తీశాడు. తాతయ్య వారం మాట్లాడలేదు.

దిగేటప్పుడే మోకాళ్ళు గుర్తొస్తాయి అన్నా. నాన్నగారికి చేతికర్ర ఇవ్వండి. ఇంటికి రాగానే కాళ్ళు, నడుము చూసుకోండి, గోమార్లు, అదే రక్తం పీల్చే పురుగులు, పట్టుకుని ఉంటాయి.

కావలి కొట్టు
వెళ్ళి వచ్చాం. ఎనిమిదింబావుకు చేరాం, మంద ఇంకా దొడ్డిలోనే ఉంది. కేక నేను వేద్దామనుకునేలోపే నాన్న వేశారు. అటువంటి గొంతు ఆయనకు ఉందని నాకు తెలియదు. కొట్లో “ఎంత కావాలి” అని అడిగే గొంతు కాదు.

కాపరి నా వయసువాడే. నాన్న తన మేనమామ పేరు చెబితే అతనికి తెలియలేదు, కానీ అప్పటి నీళ్ళ చెలమ ఎక్కడో చెప్పగానే నవ్వాడు. చెలమ ఇంకా అక్కడే ఉంది. తర్వాత నాన్న ఒక గొర్రె నోరు తెరిచి ఆరు పళ్ళదన్నారు. అతను నాలుగే అన్నాడు. మంచు ఆరిపోయింది, మంద అరుస్తోంది, వీళ్ళిద్దరూ ఆ నోట్లోకి తొంగి చూస్తూనే ఉన్నారు. నన్ను చూడమన్నారు. నాకు ఐదు కనిపించాయి. గొర్రెకు పళ్ళు జతలుగా వస్తాయి, ఐదుండవని ఇద్దరూ ఒకేసారి నా మీద కసురుకున్నారు.

మాస్టారూ, మీరు చెబుతారా, ఐదు ఉంటాయా?

సూదిమందు పెట్టె
ఒకటి ఊడి, పక్కది మొలుస్తుంటే ఉంటాయి. నాన్నగారికి చెప్పకండి.