‘మత్తు దిగలేదు’ అన్న మాట హ్యాంగోవర్‌కు సరిపోతుందా?

ప్రశ్న:
మా కోనసీమలో పండగ మర్నాడు పొద్దున్నే ఎవరైనా తల పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, ‘రాత్రిది ఇంకా దిగలేదండి’ అంటారు. నేను ఒక ఆరోగ్య వ్యాసం రాస్తున్నాను. అందులో హ్యాంగోవర్‌ అనవలసిన చోట ‘దిగని మత్తు’ అని వాడవచ్చునా?

సమాధానం:
వాడకపోవడమే మంచిదని నా మనవి. పలుకుబడి సహజమైనదే కాని, శాస్త్రం చెప్పేదానికి అది పూర్తిగా వ్యతిరేకం. తాగినవారి రక్తంలో మద్యం తగ్గుతూ సున్నాకు దగ్గరపడే వేళకు మొదలయ్యే శారీరక, మానసిక బాధల సమూహాన్నే పరిశోధకులు హ్యాంగోవర్‌ అని నిర్వచించారు. అంటే మత్తు దిగాకనే ఈ బాధ తలకెక్కుతుంది.

కారణాల విషయంలో కూడా మన వాడుక మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కాలేయం మద్యాన్ని ముందు ఎసిటాల్డిహైడ్‌గానూ, ఆ తరువాత ఎసిటేట్‌గానూ మారుస్తుంది. ఈ మార్పులతో పాటు శరీరంలోని రక్షణ వ్యవస్థ రెచ్చి, సైటోకైన్లు అనే సంకేత ప్రోటీన్లను విడుదల చేయడం, రాత్రి నిద్ర చెడడం కూడా మరునాటి బాధకు కారణాలని భావిస్తున్నారు. మద్యం వాసోప్రెసిన్‌ అనే హార్మోన్‌ను అణచడం వల్ల మూత్రం ఎక్కువగా పోయి నోరు ఎండుకుపోతుంది. అయితే ఆ నీటి లోటు హ్యాంగోవర్‌తో పాటు వచ్చే మరొక ఇబ్బందే తప్ప దాని మూలం కాదని పరిశోధకులు వాదిస్తున్నారు. అందుచేత మన వైపు పొద్దున్నే ఇచ్చే కొబ్బరి బొండాం, మజ్జిగ తేట దాహాన్ని తీరుస్తాయి గాని, వాటిని ‘మత్తు దింపే మందు’ అని మీ వ్యాసంలో రాయవద్దు. 2005లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష, అప్పటికి జరిగిన ఎనిమిది ప్రయోగాలను పరిశీలించి, హ్యాంగోవర్‌ను నివారించేదని గాని నయం చేసేదని గాని గట్టి ఆధారంతో చెప్పదగినది ఏదీ లేదని తేల్చింది.

సంస్కృత వైద్యంలో దీనికి దగ్గరి మాట ఉంది. సుశ్రుత సంహిత ఉత్తర తంత్రం మద్యం వల్ల కలిగే రుగ్మతలను పానాత్యయం, పరమదం, పానాజీర్ణం, పానవిభ్రమం అని నాలుగుగా చెబుతుంది. వీటిలో పరమదానికి చెప్పిన లక్షణాలు చూడండి: ఒళ్లు బరువెక్కడం, నోటికి రుచి లేకపోవడం, దాహం, తలనొప్పి, కీళ్లు విరిగినట్లుండడం. ‘పర’ శబ్దానికి ‘తరువాతి’ అన్న అర్థాన్ని తీసుకుంటే, మత్తుకు, దాని వెనుక వచ్చే బాధకు మధ్య ఉన్న తేడా ఆ పేరులోనే కనిపిస్తుంది. అయినా నేటి పాఠకుడు దానిని ‘పరమ మదం’గా చదువుకునే ప్రమాదం ఉంది కనుక వ్యాసానికి నేను సిఫారసు చేయను. మొదటిసారి హ్యాంగోవర్‌ అనే రాసి, తరువాత ‘మరునాటి దిమ్ము’ అనండి. ‘తల దిమ్ముగా ఉంది’ అనని ఇల్లు మన డెల్టాలో ఉండదు.

మరొక సభ్యుని ప్రశ్న:
కొందరికి పొద్దున్న నిజంగానే దిగి ఉండదు కదండీ?

సమాధానం:
నిజమే, ఆ సందర్భంలో ‘దిగలేదు’ అన్నదే సరైన మాట. శరీరం గంటకు సుమారుగా వంద మిల్లీలీటర్ల రక్తంలో 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే మద్యాన్ని వదిలించుకుంటుంది. అందరిలోనూ ఈ వేగం ఒకేలా ఉండదు. అర్ధరాత్రి దాటేదాకా బాగా తాగినవారి రక్తంలో, తెల్లవారి ఏటిగట్టు మీద బండి తీసే వేళకు కూడా, మన చట్టం అనుమతించే 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఉండవచ్చు. అది దిగని మత్తు. ఊదుడు పరీక్షలో సున్నా వచ్చిన తరువాత కూడా దృష్టి నిలవక బండి అటూ ఇటూ పోతుంటే అది మరునాటి దిమ్ము. సిమ్యులేటర్‌ మీద, అంటే బండి నడపడాన్ని అనుకరించే యంత్రం మీద, చేసిన ప్రయోగాలలో ఇదే కనిపించింది. మీ వ్యాసంలో ఈ రెండింటినీ వేర్వేరు వాక్యాలలో చెప్పండి.